నిర్దోషి కట్టే జుర్మానా

తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని దావా వేసినవాడు. మాట ఒక్కటే. ఫార్సీ నడిచిన కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చింది. వచ్చే దారిలో ఎక్కడో, అదాలతులో ఇటువైపు నిలబడవలసిన మనిషి అటువైపు బోనులోకి మారిపోయాడు. ఎప్పుడు మారాడో, ఎవరు మార్చారో తెలుగు పండితులు చెప్పాలి. రెండు భాషల్లోనూ అన్నం తినేవాళ్ళం కనక మాకు మాత్రం ఆ మాట వినపడ్డప్పుడల్లా కొంచెం గుచ్చుకుంటుంది.

ఖైదు, జామీను, జుర్మానా, వకీలు, ఫిర్యాదు, సజా, ములాఖత్... తెలుగువాడు పోలీసు స్టేషను మెట్లెక్కి దిగేలోపు మా మాటలు పది వాడతాడు. నేరం భాష వీళ్ళది కనక నేరమూ వీళ్ళదే అనుకుంటారేమో అని మాలో మేం నవ్వుకుంటాం. నవ్వుకోడానికి బాగానే ఉంటుంది.

ఉర్దూ పేపరు డెస్కు మీద కొత్తగా చేరినవాడికి మొదటి వారంలోనే నేర్పే తేడా ఒకటుంది. ఇల్జామ్ మోపబడినవాడు ముల్జిమ్. జుర్మ్ రుజువైనవాడు ముజ్రిమ్. రెండక్షరాల తేడా. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం పేరే అదాలత్. ఆ దూరం నడవడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది మేం చాలా ఏళ్ళుగా చూస్తున్నాం. నాంపల్లి కోర్టుల్లో చూస్తున్నాం, చంచల్‌గూడ జైలు ముందర ములాఖత్ లైన్లో చూస్తున్నాం, మా బస్తీలో చూస్తున్నాం. మేం అని ఎందుకంటున్నామంటే, మా దగ్గర ఒక్కడి పేరు మీద కేసు పడితే సంజాయిషీ అందరినీ అడుగుతారు. అందరినీ అడిగినప్పుడు జవాబు కూడా అందరి తరఫునే చెప్పాల్సి వస్తుంది.

మేం చదివింది బి.ఏ. చరిత్ర, సాహిత్యం, కొంచెం రాజనీతి. ఎకనామిక్స్ మాకు డిమాండూ సప్లయి దగ్గరే ఆగిపోయింది. కోర్టు వార్తలు రాయడం మొదలుపెట్టాకే, నేరం మీద శిక్ష మీద ఎకనామిస్టులు లెక్కలు వేస్తారని తెలిసి ఆ కాగితాలు తిరగేశాం.

గ్యారీ బెకర్ అని ఒక అమెరికన్. 1960లలో ఒకరోజు కొలంబియా యూనివర్సిటీలో ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టడానికి కారులో బయలుదేరాడు. ఆలస్యమైంది. డబ్బు కట్టి పార్కింగులో పెట్టి నడుచుకుంటూ రావాలా, రోడ్డు పక్కనే పెట్టేసి జుర్మానా పడితే పడనీ అనుకోవాలా? పట్టుబడే అవకాశం ఎంత, పట్టుబడితే కట్టేది ఎంత అని మనసులో గుణించి చూసుకున్నాడు. రోడ్డు పక్కనే పెట్టేశాడు. లోపలికి వెళ్ళి, పాపం ఆ విద్యార్థిని మొదటి ప్రశ్నగా అదే అడిగాడట. ఆ ఆలోచనే 1968లో నేరం, శిక్షల మీద ఒక పెద్ద వ్యాసమైంది. 1992లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ కారు కథ ఆ సందర్భంలో ఆయనే చెప్పుకున్నాడు. పట్టుబడే అవకాశాన్ని పడబోయే సజాతో గుణిస్తే వచ్చేది నేరం ధర. ధర పెరిగితే కొనేవాళ్ళు తగ్గుతారు. అంతే సూత్రం.

మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఆకలి, అవమానం, కోపం, మందు, సోపతి వీటన్నిటినీ పక్కన పెట్టి మనిషిని సంతలో బేరగాణ్ణి చేశాడనిపించింది. తర్వాత నెమ్మదిగా ఇంకోటి తట్టింది. ఈయన లెక్కలో పుట్టుకతో నేరస్థుడనేవాడు లేడు. దొంగ బుర్రా ప్రొఫెసరు బుర్రా ఒకే తీరు, ఎదురుగా ఉన్న ధరలే వేరు. నెత్తురులోనే ఉందిరా వీళ్ళకు అనే మాట వింటూ పెరిగినవాళ్ళకు ఇది చిన్న ఊరట కాదు.

ఆ మాట మాకొక్కళ్ళకే తగిలింది కాదని తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది. 1871లో ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేసి, ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఆ కాగితాలన్నీ తవ్వి తీసింది. వాళ్ళు పశువుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న సంచార వ్యాపారులు. ఇంగ్లీషువాళ్ళ ఉప్పు విధానం వచ్చింది, రైలు వచ్చింది, బేరం పోయింది. బేరం పోయినవాళ్ళు రోడ్డు మీద కనపడితే దొంగలన్నారు. తర్వాత సాల్వేషన్ ఆర్మీవాళ్ళ సెటిల్‌మెంట్లో పెట్టారు, అక్కడినుంచి చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు దొరికారు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ ఊరి పేరు చెబితే తెలుగు సినిమావాడికి ఇప్పటికీ ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు. నేరానికి ఆర్థిక కారణం వెతకడమంటే ఇదీ అని మాకనిపించింది. బెకర్ ధర చూశాడు, ఈమె ఆ ధరను ఎవరు కట్టబెట్టారో చూసింది.

బెకర్ దగ్గరికే వద్దాం. ఆయన ఇంకోమాట కూడా అన్నాడు. వీలైనంతవరకు జైలు వద్దు, జుర్మానా వేయండి అన్నాడు. జైలంటే ఖైదీకి నష్టం, పోషించే సర్కారుకూ నష్టం. జుర్మానా అయితే ఒకడి జేబులోంచి ఇంకొకరి ఖజానాకు పోతుంది, సమాజానికి పోయేదేమీ లేదు. కాగితం మీద చాలా బాగుంది. జేబులో ఏమీ లేనివాడి సంగతేమిటి? వాడు రోజుల రూపంలో కడతాడు. 2016లో సంగారెడ్డి పాత జైల్లో ఒక సరదా పథకం పెట్టారు. ఐదువందలు కడితే ఎవరైనా ఒక రోజంతా ఖైదీ బట్టలు వేసుకుని, ఖైదీ తిండి తిని జైలెట్లుంటుందో చూసి రావచ్చు. దూరపు ఊళ్ళనుంచి కూడా వచ్చారని పేపర్లలో చదివాం. మా బస్తీలో ఆ వార్త చదివి వినిపిస్తే ఒకాయన చాలాసేపు ఆలోచించి, మనకు ఫ్రీగానే చూపిస్తారు కదా అన్నాడు.

ఇక మా బస్తీ సంగతి. ఇది టెర్రరిజం కేసు కాదు, పేపరుకెక్కలేదు. ఒక కుర్రాడు, టూవీలర్ మెకానిక్కు. వాళ్ళమ్మను మేం ఖాలా అంటాం. ఎవరో తెచ్చి అమ్మిన స్పేర్ పార్టులు కొన్నాడు, అవి దొంగబండివని తేలింది. తెలిసే కొన్నాడని కేసు. అప్పటి ఐ.పి.సి.లో 411, గరిష్ఠంగా మూడేళ్ళ సజా. పదిహేనో రోజున బెయిలొచ్చింది. జైల్లోంచి బయటికి రావడానికి ఇంకో నలభై రోజులు పట్టింది. ఎందుకంటే ఇద్దరు జామీనుదారులు కావాలి. సొంతిల్లుండి ఇంటిపన్ను రసీదున్నవాళ్ళో, జీతం సర్టిఫికెట్టున్నవాళ్ళో కావాలి. ఖాలాకు తెలిసినవాళ్ళంతా కిరాయి ఇళ్ళవాళ్ళు, ఆటోవాళ్ళు, పండ్ల బండ్లవాళ్ళు, జర్దోజీ పనివాళ్ళు. వాళ్ళ నెల జీతానికి కాగితమెవరిస్తారు? రసీదున్న చుట్టాలు ఇద్దరున్నారు. ఒకాయనకు బీపీ పెరిగింది. ఇంకొకాయన ఊళ్ళో లేడని చెప్పించాడు. ఆఖరికి కోర్టు చుట్టూ తిరిగే కిరాయి జామీనుదారులు దొరికారు. డబ్బు తీసుకుని నిలబడతారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళను చూడ్డం ఖాలాకు అదే మొదలు.

ఖాలా దగ్గర ఒక నోటుబుక్కుంది. ఉర్దూలో లెక్కలు రాసుకుంటుంది. బిడ్డ పెళ్ళికని మొదలుపెట్టిన బుక్కు అది. మధ్యలోంచి ఖర్చుల రకం మారిపోయింది. వకీలు, వకీలు గుమాస్తా, స్టాంపులు, జైలుకు ఆటో, లోపల క్యాంటీన్ ఖాతాలో వేయడానికి డబ్బులు, సబ్బు, మళ్ళీ ఆటో. ఒకచోట కాలీపోత్ లచ్చా అని రాసి పక్కన అంకె ఉంది. అంటే నికాహ్ నాడు మెడలో పడ్డ నల్లపూసల దండకున్న బంగారం అమ్మిన డబ్బు. అది మాత్రం జమ వైపు రాసింది. షాపులో కొడుకు రోజువారీ సంపాదన ఆగిపోయిన సంగతి ఎక్కడా రాయలేదు. రానిది రాసుకోవడం ఆమెకు అలవాటు లేదు. రానిది కూడా ఖర్చే అని ఎకనామిస్టులంటారు.

లోపల ఉండగా ఎవరో పెద్దమనిషి కుర్రాడికి సలహా ఇచ్చాడు. నేరం ఒప్పేసుకోరా, ఉన్న రోజులు సజాలో కట్టయిపోతాయి, జుర్మానా కట్టి ఇంటికి పోతావ్ అని. ములాఖత్‌కు వెళ్ళినప్పుడు మాతో అన్నాడు: "జో కామ్ నై కరా, ఉస్కు హౌ కైసా బోలూం భాయ్?" చేయని పనికి ఔనని ఎట్లా అనేది? ఇరవై రెండేళ్ళవాడు. అనలేదు. నలభై రోజులు ఎక్కువున్నాడు.

అందరూ అట్లా ఉండలేరు. ముగ్గురు ఎకనామిస్టులు, డాబీ, గోల్డిన్, యాంగ్, అమెరికాలో ఫిలడెల్ఫియా, మయామీ కోర్టులను పరిశీలించి 2018లో ఒక పరిశోధన వేశారు. అక్కడ బెయిల్ చూసే జడ్జి ఎవరు తగులుతారన్నది అదృష్టం మీద ఉంటుంది. ఒకరు మెత్తన, ఒకరు కఠినం. ఒకేరకం ముద్దాయిల్లో కొందరు బయటుండి, కొందరు లోపలుండి కేసు నడిపించుకుంటారు. ఆ రెండు గుంపులనూ పోల్చారు. లోపలున్నవాళ్ళకు శిక్ష పడడం ఎక్కువ. సాక్ష్యం బలమై కాదు, విసిగి నేరం ఒప్పేసుకోవడం వల్ల. బయటున్నవాళ్ళకు తర్వాత కూడా పని దొరకడం ఎక్కువ. ఆ వ్యాసం చదువుతుంటే ఖాలా నోటుబుక్కును ఎవరో ఇంగ్లీషులోకి తర్జుమా చేసినట్టుంది.

మన దేశంలో ఈ సంగతి ఎకనామిస్టుల కంటే ముందు జడ్జీలే చెప్పారు. 1978లో మోతీరామ్ కేసు. తాపీమేస్త్రీ. పదివేల రూపాయల జామీను అడిగారు. అన్న హామీ ఉంటానంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉంది కనక చెల్లదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును చీల్చి చెండాడి వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదిలిపెట్టమన్నాడు. మరుసటేడు బీహారు జైళ్ళ కేసు. నేరం రుజువైతే పడే సజా కంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నవాళ్ళ గురించి పేపర్లో వచ్చిన వార్తలతో మొదలైంది. జస్టిస్ భగవతి తీర్పిచ్చాడు. త్వరగా విచారణ జరగడం జీవించే హక్కులో భాగమన్నాడు, డబ్బుతో ముడిపెట్టిన బెయిలు పేదవాణ్ణి తొక్కేస్తుందన్నాడు. ఆ కేసుకు మొదటి పేరు హుస్సేనారా ఖాతూన్. లా కాలేజీలో చదివే ప్రతి పిల్లా పిల్లాడూ ఆ పేరు పలుకుతారు. మా పేరొకటి ఈ దేశపు న్యాయశాస్త్రంలో గౌరవంగా నిలిచిందంటే అది జైల్లో ఉన్న ఆడమనిషి పేరు.

ఆ తీర్పులొచ్చి నలభై ఏళ్ళు దాటింది. 2019లో దేశంలోని జైళ్ళలో 4,78,600 మంది ఉంటే అందులో 3,30,487 మంది విచారణ ఖైదీలు. 2022 ఆఖరుకు మొత్తం 5,73,220, విచారణలో ఉన్నవాళ్ళు 4,34,302. అంటే నలుగురిలో ముగ్గురు. ముజ్రిమ్‌లు కారు, ముల్జిమ్‌లు. మేం 2011 జనాభా లెక్కల్లో నూటికి 14.2 మందిమి. 2019 జైలు లెక్కల్లో శిక్షపడ్డవాళ్ళలో 16.6, విచారణలో ఉన్నవాళ్ళలో 18.7, కేసైనా నడవకుండా ముందస్తుగా నిర్బంధించినవాళ్ళలో 35.8. ఈ మూడు అంకెలను వరసలో పెట్టి చూడండి. రుజువు అక్కర్లేని వైపుకు వెళ్ళేకొద్దీ మేం పెరుగుతున్నాం. దళితులు, ఆదివాసులు కూడా ఈ లెక్కల్లో తమ జనాభాకు మించే ఉన్నారు. ఇది మా ఒక్కళ్ళ గోడు కాదు.

ఇక్కడిదాకా చదివి మా మిత్రులు, అందరూ కలిసి చేస్తున్నారు, జడ్జీలూ వాళ్ళే కదా అంటారు. చాయ్ హోటల్లో ఈ మాటకు మంచి గిరాకీ. అందుకే ఇంకో పరిశోధన గురించి చెప్పాలి. మా వాళ్ళకు ఇది నచ్చదు. 2021లో ఇక్కడివాళ్ళూ బయటివాళ్ళూ కలిసి ఎకనామిస్టులు కొందరు మన జిల్లా కోర్టుల్లో 2010 నుంచి 2018 దాకా నడిచిన యాభై లక్షల క్రిమినల్ కేసులను తీసుకున్నారు. పేర్లను బట్టి ముద్దాయి ముస్లిమా కాదా, జడ్జి ముస్లిమా కాదా చూశారు. ఏ కేసు ఏ జడ్జికి పోతుందన్నది దాదాపు లాటరీ లాంటిదే. హిందూ జడ్జి దగ్గర పడ్డ ముస్లిం ముద్దాయికీ, ముస్లిం జడ్జి దగ్గర పడ్డ ముస్లిం ముద్దాయికీ విడుదలయ్యే అవకాశంలో తేడా ఉందా? లేదని తేలింది. ఉన్నా పట్టించుకోవాల్సినంత లేదు.

ఈ మాట ఒక సభలో చెబితే మా వైపు కుర్రాళ్ళు లేచారు. అమ్ముడుపోయారు అన్నది ఒకడి మాట. ఆ పరిశోధకులను మేం ఎరగం, లెక్క మాత్రం చూశాం. మాకనుకూలంగా వచ్చిన అంకెను నెత్తిన పెట్టుకుని, రాని అంకెను అమ్ముడుపోయిందనడం మేం ఇంకొకరిలో చూసి అసహ్యించుకునే గుణమే. హిందూ జడ్జి ముందు నిలబడ్డ ప్రతి ముస్లిమూ ముందే ఓడిపోయినట్టని పిల్లలకు నేర్పడం అబద్ధం నేర్పడమే. ఆ అబద్ధం వాళ్ళను కోర్టుకు వెళ్ళకుండా చేస్తుంది. జడ్జీల్లో మేం నూటికి ఏడుగురమే, జనాభాలో సగం. దాని సంగతి ఆ వ్యాసంలోనే ఉంది, దానిమీద వేరే కొట్లాడాలి.

అయితే లెక్క ఏం చెప్పిందో అంతే చెప్పింది. జడ్జి ముందుకు వచ్చాక ఏం జరుగుతోందో చూసింది. ఎవరి మీద అనుమానం వచ్చింది, ఎవరింటి తలుపు కొట్టారు, ఏ సెక్షను రాశారు, ఎవరిని స్టేషన్లో మందలించి పంపారు, ఎవరిని రిమాండు చేశారు, ఇవేవీ ఆ లెక్కలో పట్టవు. ఆ సంగతి పరిశోధకులే రాసుకున్నారు. మాకు అదే కావలసిన ఆచూకీ. తీర్పు చెప్పే కుర్చీలో తేడా దొరక్కపోతే, మిగిలిన అంకెలు చూపించేది కుర్చీకి ముందున్న నడవానే. కామన్ కాజ్, సి.ఎస్.డి.ఎస్. కలిసి 2019లో ఇరవై ఒక్క రాష్ట్రాల్లో దాదాపు పన్నెండు వేలమంది పోలీసులను అడిగారు. సగం మంది, ముస్లింలు స్వభావరీత్యానే హింసకు దిగుతారని ఎంతో కొంత నమ్ముతున్నారు. వాళ్ళను తిట్టి ఏం లాభం? అందరు చూసే సినిమాలే వాళ్ళూ చూస్తారు. కాకపోతే వాళ్ళ చేతిలో ఎఫ్.ఐ.ఆర్. బుక్కుంటుంది. రాత్రిపూట బస్తీని చుట్టుముట్టి కార్డన్ సెర్చ్ చేస్తే ఆర్సీ లేని బండ్లు దొరుకుతాయి. ఏ కాలనీని చుట్టుముట్టినా దొరుకుతాయి. ఎక్కడ వెతికితే అక్కడ దొరకడం, దొరికింది కనక మళ్ళీ అక్కడే వెతకడం... ఇది చక్రవడ్డీ లాంటిది.

ఇప్పుడు బెకర్ సూత్రాన్ని మళ్ళీ తీయండి. పట్టుబడే అవకాశం అన్నాడు. ఎవరు పట్టుబడే అవకాశం? నేరం చేసినవాడు. చేయనివాడికి అది సున్నా అని ఆ గుణకారంలో చెప్పకుండానే అనుకున్నారు. ఆ సున్నా మా దగ్గర సున్నా కాదు. చేయకపోయినా పట్టుబడే అవకాశమున్నప్పుడు ఏమవుతుంది? దీన్నీ తర్వాతి ఎకనామిస్టులు లెక్కగట్టారు. మనిషి చూసుకునేది రెండు ధరల మధ్య తేడాను. చేస్తే ఇంత, చేయకపోతే ఇంత. నిర్దోషులకూ శిక్ష పడుతుంటే ఆ తేడా తగ్గిపోతుంది, చట్టానికున్న భయమూ తగ్గిపోతుంది. మా గొంతు మీద అనుమానం ఉన్నవాళ్ళు ఈ లెక్కనైనా వినాలి. బేకసూరును లోపల వేసినప్పుడల్లా కసూరు చేసేవాడికి సరుకు కొంచెం చౌకవుతుంది. పెంచాల్సింది శిక్షను కాదు, అసలు దోషి దొరకడాన్ని అని డేనియల్ నేగిన్ లాంటివాళ్ళు దశాబ్దాల పరిశోధనను కూడగట్టి 2013లో చెప్పిందీ దీనికి దూరం కాదు.

మక్కా మసీదు పేలుడు 2007 మే 18న జరిగింది. శుక్రవారం. తొమ్మిదిమంది పేలుడుకు పోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. ఆ తర్వాత మా కుర్రాళ్ళను పదులకొద్దీ పట్టుకుపోయారు. రకరకాల కేసులు పెట్టారు. ఏళ్ళ తర్వాత కోర్టులు వాళ్ళను వదిలేశాయి. పేలుడు కేసు ఇంకోవైపు తిరిగింది, వేరేవాళ్ళ మీద ఛార్జిషీటు పడింది, 2018 ఏప్రిల్‌లో వాళ్ళనూ సాక్ష్యం లేదని కోర్టు వదిలేసింది. చచ్చిపోయినవాళ్ళకు ఇప్పటికీ ముజ్రిమ్ లేడు. అయితే మధ్యలో ఒక చిత్రం జరిగింది. 2012 మొదట్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు, అన్యాయంగా లోపలున్న కుర్రాళ్ళలో ఇరవై మందికి మూడేసి లక్షలు, మరో యాభై మందికి ఇరవై వేల చొప్పున ఇచ్చింది. చెక్కులు పంచారు, ఫోటోలు దిగారు. నిర్దోషి కట్టిన జుర్మానాను సర్కారు వాపసు ఇవ్వడం, ఇంత అని ధర కట్టడం మాకు తెలిసి ఇక్కడ అదే మొదలు. 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. జడ్జి తప్పు చేశాడని మేమనడం లేదు. ఇవ్వడానికి చట్టమంటూ లేనప్పుడు సర్కారు దయ కోర్టులో నిలవదు. దేశంలో ఆ చట్టం ఇంకా రాలేదు. అదీ మేం అడిగేది. దయ వద్దు, చట్టం కావాలి, ముస్లింకే కాదు, నిర్దోషిగా తేలిన ప్రతివాడికీ.

చిన్న చిన్నవి కొన్ని వచ్చాయి, లేవనకూడదు. బెయిలొచ్చినా జామీను లేక లోపలే ఉన్నవాళ్ళ గురించి 2022 నవంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు జడ్జీల ముందే మాట్లాడింది. 2023లో కేంద్రం పేద ఖైదీల పథకం పెట్టింది. విచారణ ఖైదీ జామీనుకు నలభై వేల దాకా, శిక్షపడ్డవాడి జుర్మానాకు పాతిక వేల దాకా సర్కారే కడుతుందని అప్పట్లో చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలుంటే వదిలిపెట్టాలన్నారు, ఘోరమైన నేరాలను మినహాయించి. ఈ సంగతులు మా మసీదు గోడల మీద ఎవరూ అంటించలేదు. జుమా ఖుత్బా తర్వాత రెండు నిమిషాలు చాలు.

మా పెద్దలతో ఇంకో పేచీ కూడా ఉంది. జకాత్ ఎవరికివ్వాలో ఎనిమిది పద్దులున్నాయి. అందులో బానిసత్వంలో ఉన్నవాణ్ణి విడిపించడం ఒకటి, అప్పుల్లో మునిగినవాడు ఒకటి. ఖాలా కొడుకు ఏ పద్దు కిందికొస్తాడని అడిగితే మా బస్తీ పెద్దమనిషి గడ్డం నిమురుకున్నాడు. మీనారుకు రంగువేయడానికి ఆ నెలలోనే చందా వసూలైంది. కేసున్న ఇంటికి సలామ్ చెప్పడానికే భయపడేవాళ్ళు జామీనుకు ఎట్లా నిలబడతారు? ఆ భయాన్ని మేం ఎగతాళి చేయడం లేదు. మా తల్లులు పిల్లలకు చెప్పే జాగ్రత్తలు వినండి. గడ్డం చిన్నగా పెట్టుకో. నీ ఆధార్ మీద ఎవరికీ సిమ్ తీసివ్వకు. రైల్లో గొడవైతే ఇంకో పెట్టెలోకి పో. సెకండ్‌హాండ్ ఫోను కొనకు. పది దాటితే ఇంటికి రా. ఇంట్లోనే వాచ్ టవరుంది మాకు. దాని ఖర్చు ఏ జైళ్ళ బడ్జెట్టులోనూ రాదు.

ఖాలా కొడుకు కేసు నాలుగేళ్ళు నడిచింది. అరవైకి పైగా వాయిదాలు. వాయిదా నాడల్లా ఒక రోజు పని పోయింది. ఆఖరికి నిర్దోషి అన్నారు. పాత షాపు ఓనరు మంచివాడే, కానీ పోలీసులొచ్చి అడుగుతుంటారు భాయ్ అన్నాడు. అమెరికాలో దేవా పేజర్ అనే ఆమె మిల్వాకీ ఊళ్ళో ఒకేరకం చదువూ అనుభవమూ చూపించే కుర్రాళ్ళను ఉద్యోగాలకు పంపి చూసింది. 2003లో వేసింది ఆ వ్యాసం. జైలు మచ్చ ఉన్న తెల్లవాడికి నూటికి పదిహేడు చోట్ల పిలుపొచ్చింది. ఏ మచ్చా లేని నల్లవాడికి పద్నాలుగు చోట్ల. ఇక్కడ థోరట్, ఆట్‌వెల్ 2007లో ప్రైవేటు కంపెనీలకు ఒకే అర్హతలతో పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపొచ్చే అవకాశం మూడోవంతు. జైలుకు పోకుండానే అది. పోయి నిర్దోషిగా వచ్చినవాడికి ఎంతో ఎవరూ లెక్కించలేదు.

మొన్న ఖాలా మా ఇంటికి వచ్చింది. తీర్పు కాపీ తెచ్చింది. ఇంగ్లీషులో ఉంది, వాళ్ళింట్లో ఎవరికీ రాదు. ఆఖరి పేజీలో ఏ వాక్యం కింద గీత గీయాలో చూపించమంది. చూపించాం. దాని పక్కన తెలుగులో ఒక ముక్క, ఉర్దూలో ఒక ముక్క రాయమంది. రాశాం. మొత్తం ముప్పై నాలుగు పేజీలు. జిరాక్సు వాడు పేజీకి రెండు రూపాయలంటున్నాడట. స్టేషనుకొకటి, కొత్త షాపు ఓనరుకొకటి, ఇల్లు కిరాయికిచ్చేవాళ్ళకొకటి, పిల్ల తరఫువాళ్ళకొకటి, పాస్‌పోర్టు ఎంక్వయిరీకొకటి, ఇంట్లో ఒకటి. వేళ్ళ మీద లెక్కపెట్టి, ఎందుకైనా మంచిది పది తీయించనా బాబా అని అడిగింది.